ఓడ మా జిల్లా పక్కనుంచే పోయింది

రొయ్యల మేత డీలరు ఏడాదికొకసారి రైతులకి ఒక టూరు ఇస్తాడు. ఇన్ని టన్నుల మేత తీసుకుంటే బ్యాంకాకు, అన్ని టన్నులైతే దుబాయి. మైపాడు చుట్టుపక్కల గుంటలున్న మగవాళ్లంతా కలిసి పోయి, ఇంట్లో ఆడవాళ్లకి నాలుగు సబ్బులు, ఒక చాక్లెట్ డబ్బా తెచ్చే యాత్ర అది. ఈసారి మా ఆయన డీలరు దగ్గరికి పోయి, "నాకు బ్యాంకాకు వద్దబ్బా, ఆ డబ్బుల్తో మా ఇద్దరికీ చెన్నై నుంచి ఓడ టిక్కెట్లు తీసియ్యి" అన్నాడంట. ఈ మాట నాకు చెప్పింది డీలరు భార్య. ఆయనైతే కాయితాలు ఫ్రిజ్ మీద పెట్టి, దాని గురించి ఒక్క ముక్కా చెప్పకుండా గుంటలకి పోయాడు.

నేను 33 ఏళ్లు సాంఘికశాస్త్రం చెప్పి రిటైరయినదాన్ని. కాయితాల్లో ముందు దారి చూశాను. చెన్నైలో ఎక్కడం, ఒక పగలంతా సముద్రం, విశాఖపట్నం, మళ్లీ సముద్రం, పుదుచ్చేరి, తిరిగి చెన్నై. ఐదు రాత్రులు. చెన్నై నుంచి విశాఖ అంటే ఉత్తరానికి పోవాలి, ఉత్తరానికి పోవాలంటే మా జిల్లా దాటాలి. దుగరాజపట్నం, కృష్ణపట్నం, మైపాడు, జువ్వలదిన్నె, రామాయపట్నం, ఒంగోలు దగ్గర కొత్తపట్నం... క్లాసులో పటం మీద బెత్తం పెట్టి చూపించిన వరసలోనే ఒక్కొక్కటీ దీపాలతో కదిలిపోతుంటే చూడొచ్చనుకున్నా. బుద్ధెరిగినప్పట్నించి ఒడ్డు మీద నిలబడి సముద్రాన్ని చూస్తున్నాను. సముద్రంలో నిలబడి ఒడ్డును చూడాలని ఎప్పట్నించో ఉంది.

దానికి ఇంట్లో ఒక కథ కూడా కారణం. మా ఆయన తాత బకింగ్‌హాం కాలవ మీద పడవ నడిపినాడు. నెల్లూరు బియ్యం, ఉప్పు, సరుగుడు కట్టెలు ఏసుకుని మద్రాసుకి పోయేవాడంట. గాలుంటే తెరచాప, లేకుంటే గట్టు మీద నడుస్తూ తాడుతో లాగడం. ప్రతి లాకు దగ్గరా ఎవరో ఒకరు చుట్టం, ప్రతి రేవులోనూ ఎక్కడో ఒకచోట అన్నం. నేను కాపురానికొచ్చేటప్పటికి ఆయన లేడు, కాలవలో పడవలూ లేవు, తూటికాడ మాత్రం ఉండేది. కానీ మా అత్తగారు ఆ ఊళ్ల పేర్లు మద్రాసు దాకా తప్పు లేకుండా అప్పజెప్పేది.

మొదటి రోజు

పినాకినిలో పోయాం. పినాకిని అంటే మన పెన్నే కాబట్టి ఆ రైలెక్కితే సొంత బండెక్కినట్టు ఉంటుంది నాకు. గూడూరు, నాయుడుపేట, సూళ్లూరుపేట. తడ దాటేదాకా ఆయన ఫోన్లో గుంటల దగ్గరుండే కుర్రాడికి నీళ్లకి గాలి పట్టించే ఏరియేటర్లు ఎన్నింటికి ఆన్ చెయ్యాలో చెప్తానే ఉన్నాడు.

చెన్నై రేవులో విమానాశ్రయంలో మాదిరే తనిఖీ. ఆధార్ కార్డు చాలింది, ఊరు దాటుతున్నాం గానీ దేశం దాటడం లేదు కదా. అక్కడ నా ఆవకాయ సీసా దొరికిపోయింది. బయటి తిండి ఓడలోకి తేకూడదని కాయితంలో రాసే ఉందంట. దారి మాత్రమే చదివి నిబంధనలు చదవనిది నేనే. సామాను మోసే ఆయనది తడ. సీసా ఆయన చేతికిస్తే మూత తీసి వాసన చూసి, "మన కారమేనమ్మా" అని సంచిలో పెట్టుకున్నాడు. మంచి చేతిలోనే పడింది.

ఓడ పేరు ఎంప్రెస్. 1990లో ఫ్రాన్స్‌లో కట్టి, అమెరికా వైపు సముద్రాల్లో చాలా ఏళ్లు తిప్పి, తర్వాత మన దేశానికి తెచ్చారు. 11 అంతస్తులు, 200 మీటర్లకి పైగా పొడవు. రేవులో దాని పక్కన నిలబడితే ఓడ అనిపించదు, మా నెల్లూరులో ట్రంకు రోడ్డు మీది అపార్ట్‌మెంట్లన్నీ ఒకదానికొకటి అతికించి తెల్లరంగు ఏసినట్టుంటుంది. మా ఆయన మెడ ఎత్తి చూసి, "దీనికి డీజిలు ఎంత తాగిద్దో" అన్నాడు. గుంటల మీద జనరేటర్లు నడిపిన వాడికి ముందు అదే తడుతుంది.

మాకొచ్చిన గదికి కిటికీ లేదు. ఓడ మధ్యలో ఉండే చవక గదులవి. దీపం ఆర్పితే పగలో రాత్రో తెలియని చీకటి. సామాను పెట్టామో లేదో అందరినీ పిలిచారు. ఓడ కదిలే ముందే ప్రయాణికులందరికీ ప్రమాదం వస్తే ఎక్కడ చేరాలో చూపించాలి, అది సముద్రం మీద చట్టం. ఏడుసార్లు పొట్టిగా, ఒక్కసారి పొడుగ్గా కూత వేస్తే ప్రాణరక్షణ కోటు తీసుకుని మన స్థానానికి పోవాలి. 33 ఏళ్లు బడి గంట కొట్టించిన దాన్ని, నాకు ఆ కూత భలే నచ్చింది. వెనక వరసలో మాట్లాడుతున్న ఇద్దరు పెద్దమనుషుల్ని "ష్" అన్నాను కూడా. అలవాటు పోదు.

చీకటి పడ్డాక ఓడ కదిలింది. ఒక చిన్న పడవ కాసేపు ముందుండి దారి చూపించినట్టు పోయి వెనక్కి తిరిగింది. పైడెక్కు మీద నిలబడి చెన్నై దీపాలు చూస్తుంటే ఆయనకి పాఠం మొదలుపెట్టాను. ఈ చెన్నపట్నం పుట్టక ముందు ఇంగ్లీషువాళ్ల కొట్టు ఎక్కడుండేదో తెలుసా? 1626 ప్రాంతంలో మన దుగరాజపట్నంలో. వాళ్ల నోట్లో అది ఆర్మగాన్. అక్కడ పెద్దగా ఉన్న ఫ్రాన్సిస్ డే అనేవాడే అది సరిపోవడం లేదని దక్షిణానికి దిగి 1639లో ఇక్కడ చోటు సంపాదించాడు. అంటే ఈ ఊరు మన ఊరికి తమ్ముడు.

"అయితే మనకేమన్నా వాటా వస్తదా?" అన్నాడు ఆయన.

రెండో రోజు

నా లెక్క ప్రకారం ఓడ తెల్లవారుజామున రెండు, మూడు గంటల మధ్య కృష్ణపట్నం ఎదురుగా పోవాలి. రెండింటికి అలారం పెట్టుకున్నా. కిటికీ లేని గదిలో అలారం మోగితే ఏ లోకంలో ఉన్నామో తెలియలా. శాలువా కప్పుకుని ఆయన్ని లేపి, లిఫ్టెక్కి పైకి పోయాం. గాలి పైటని నిలవనీయడం లేదు. ఓడకి ఎడమ వైపు, అంటే పడమర వైపు, కమ్మీ పట్టుకుని నిలబడ్డాం.

ఏమీ లేదు.

దీపం లేదు, గీత లేదు, మసక వెలుగైనా లేదు. అరగంట నిలబడ్డాం. దూరంగా ఒక్క చుక్క వెలుగు కనపడితే నేను "అదిగో" అన్నా. అది కదిలింది. వేరే ఓడ.

"యాడమ్మా టీచరమ్మా, నీ కృష్ణపట్నం?" అన్నాడాయన. ఫోన్ తీస్తే సిగ్నలు ఎప్పుడో పోయింది.

అక్కడ రేవు చిన్నదేం కాదు. 2008 నుంచి బొగ్గు ఓడలు రాత్రింబగళ్లు నడిచే రేవు. దాని దీపాలు మా మైపాడు ఒడ్డు నుంచి దక్షిణాన ఆకాశం మీద తెల్లగా కనిపిస్తాయి. మరి ఇక్కడికెందుకు కనపళ్లా?

జవాబు పొద్దున కాఫీ దగ్గర దొరికింది, అదీ ఒక చేతిరుమాలు కాయితం మీద. అక్షాంశాలు, రేఖాంశాలు నాకు కంఠతా. చెన్నై 13 డిగ్రీల ఉత్తరం, 80 తూర్పు. విశాఖ దగ్గర దగ్గర 17.7 ఉత్తరం, 83.3 తూర్పు. రెండు చుక్కలు పెట్టి కత్తి అంచుతో గీత గీశాను. గీత ఈశాన్యానికి తిన్నగా పోయింది. మన కోస్తా మాత్రం చెన్నై నుంచి ఒంగోలు దాకా దాదాపు నిటారుగా ఉత్తరానికి పోయి, కృష్ణా డెల్టా దగ్గర తూర్పుకి తిరుగుతుంది. అంటే విల్లు మాదిరి. ఓడ పోయేది నారి మీద. నెల్లూరు, ప్రకాశం ఉండేది విల్లు వంపులో. గీతకి కృష్ణపట్నం ఎంత దూరమో కొలిస్తే 80 కిలోమీటర్లు పైన. కొత్తపట్నమైతే 150. పది అంతస్తుల ఎత్తున నిలబడినా సముద్రం మీద 20 కిలోమీటర్లకి మించి కనపడదు, భూమి గుండ్రం కాబట్టి. భూమి గుండ్రంగా ఉందనడానికి రుజువేమిటని నేను అడిగిన పరీక్షల్లో, ఒడ్డుకొచ్చే ఓడకి ముందు పొగగొట్టం, తర్వాత ఒళ్లు కనిపిస్తాయని రాసిన పిల్లలందరికీ మార్కులేశాను. ఆ పాఠం నాకే పనికిరాకుండా పోయింది.

ఆ కాయితం చూసి మా ఆయన నవ్వినంతసేపు నవ్వి, "మా తాతే నయం, గట్టు మీద మేకల్ని కూడా లెక్కపెట్టుకుంటా పోయినాడు" అన్నాడు. ఆ మాట నన్ను రోజంతా వదల్లేదు. కాలవ పడవ అడుగడుగునా ఆగి ఊరూరి నీళ్లు తాగి పోయేది. ఈ ఓడకి రెండు వేల మంది పట్టినా, మధ్యలో ఎన్ని జిల్లాలున్నా ఒక్కదాన్నీ పలకరించదు.

కాఫీ తెచ్చిన కుర్రాడు కాయితం మీద "ఒంగోలు" అన్న తెలుగు అక్షరాలు చూసి ఆగిపోయాడు. చీమకుర్తి పిల్లోడంట. హోటల్ మేనేజ్‌మెంట్ చదివి ఈ ఓడలో చేరి ఏడాదయింది. "మా ఊరి నల్లరాయి ఓడలెక్కి దేశాలు తిరిగేది మేడమ్, ఇప్పుడు నేనూ తిరగతన్నా" అన్నాడు. ఇంట్లో అమ్మకి ఓడ అంటే ఎంత చెప్పినా అర్థం కాక, "వానొస్తే లోపలికి పో నాయనా" అని రోజూ ఫోన్లో చెప్పేదంట. ఆ తర్వాత మూడు పూటలూ మా బల్ల ఆ పిల్లాడిదే. ఎక్కడి నుంచో ఒక గిన్నెడు పచ్చిమిరపకాయలు తెచ్చిపెట్టేవాడు.

మధ్యాహ్నం బఫేలో రొయ్యలు పెట్టారు. మా ఆయన ఒకటి తీసి, వెలుతురులో తిప్పి చూసి, తోక దగ్గర నొక్కి, "ముప్పై కౌంటు" అన్నాడు. కిలోకి ముప్పై తూగే రొయ్య అని. పక్క బల్ల మీద కూర్చున్న తమిళాయన అది విని ఆసక్తిగా ఇటు జరిగాడు. ఇంకేముంది, వనామీ రకం రొయ్య ఎప్పుడొచ్చింది, దానికి ముందు టైగరు రొయ్య ఎట్టా ఉండేది, 1995 ప్రాంతంలో తెల్లమచ్చ రోగం తగిలి మా గుంటలు రాత్రికి రాత్రి ఎట్టా ఖాళీ అయినయి, అన్నీ బయటికొచ్చాయి. ఆ ఏడు నా నల్లపూసలు తప్ప బంగారమంతా బ్యాంకులోకి పోయింది. దాని సంగతి ఆయన బయటివాళ్లకి చెప్తుంటే వినడం నాకిదే మొదలు. రొయ్యలు తింటూ చెప్పాడు, నవ్వుతూనే చెప్పాడు.

సాయంత్రానికి సముద్రం కొంచెం లేచింది. జూలై, నైరుతి గాలి. నీళ్లలో పుట్టి నీళ్లలో పెరిగానని చెప్పుకునే మనిషికి కడుపులో తిప్పింది. నాకేమీ కాలేదు. నిమ్మకాయ వాసన చూపిస్తూ, "గుంటలో అలలు రావు కదండీ" అన్నాను. మాట్లాడలా.

మూడో రోజు

పొద్దున్నే కొండలు కనిపించాయి. మా ఒడ్డున ఇసక, సరుగుడు తోటలు, ఆకాశం, అంతే. కొండ తిన్నగా సముద్రంలోకి దిగడం ఇక్కడే చూడాలి. డాల్ఫిన్స్ నోస్ కొండ మీద లైట్‌హౌసు, ఆ ఎదర రేవు పక్కన మూడు గుట్టలు, ఒకదాని మీద వెంకటేశ్వరస్వామి గుడి, ఒకదాని మీద దర్గా, ఒకదాని మీద చర్చి. రెండు రాత్రుల తర్వాత నేల కనపడితే ఎవరి నేలయినా మనదే అనిపిస్తుంది.

రాత్రికి మళ్లీ ఓడ కదులుతుంది, ఆలోపు ఎక్కాలి. ఓడవాళ్లు ఏర్పాటు చేసే బస్సు యాత్రలున్నాయి గానీ మాకు మంది వెంట నడవడం ఇష్టం లేదు. బయటికొచ్చి ఒక ఆటో మాట్లాడుకున్నాం.

"ఏటమ్మా, ఓడలో వొచ్చినారేటి?" అన్నాడు ఆటో ఆయన.

"అవునబ్బా. సింహాచలం పోవాల, ఎంత తీసుకుంటావు?" అని మా ఆయన.

"నెల్లూరోళ్లా? మాటలోనే తెలిసిపోనాది" అని నవ్వాడు. మా 'బ్బా' ఆయనకి నవ్వు, ఆయన 'ఏటి' మాకు నవ్వు. దారంతా ఇద్దరూ ఒకరి మాటలు ఒకరు వెక్కిరించుకుంటానే ఉన్నారు. "రాలా, పోలా" అని మేమంటే, "రానేదు, పోనేదు" అని ఆయన. మధ్యలో కూర్చుని నేను ఇద్దరి వ్యాకరణమూ సరిచెయ్యకుండా ఊరుకున్నా. నా రిటైర్మెంటు జీవితంలో అది పెద్ద విజయం.

సింహాచలంలో అప్పన్న మీద చందనం ఉంటుంది. ఏడాదిలో అక్షయ తృతీయ నాడు ఒక్కరోజే నిజరూపం. మిగతా రోజుల్లో మనం చూసేది చందనపు ముద్దనే, లింగంలా కనిపిస్తుంది. ఆషాఢ పౌర్ణమి దగ్గరపడుతోంది కాబట్టి 32 కిలోమీటర్ల గిరి ప్రదక్షిణ గురించే అందరి మాటలూ. ఆటో ఆయన ఏటేటా నడుస్తాడంట. కప్పస్తంభాన్ని కౌగిలించుకుంటే కోరిక తీరుతుందంటారు. మా ఆయన కౌగిలించుకుని కళ్లు మూసుకున్నాడు. ఏం కోరుకున్నారని అడిగితే, "కౌంటు" అన్నాడు.

నా కళ్లు శాసనాల మీద ఉన్నాయి. శ్రీకృష్ణదేవరాయలు 1516లో ఇక్కడికొచ్చాడు, రాణులిద్దరితో. స్వామికి ముత్యాల హారం, నగలు ఇచ్చాడు. ఆయన ఆ దండయాత్ర ఎక్కడ మొదలుపెట్టాడో మా జిల్లా పిల్లల్ని అడిగితే చెప్తారు. మా ఉదయగిరి కోట దగ్గర. దాన్ని గజపతుల నుంచి 1514లో పట్టుకున్నాక కొండవీడు, ఆ తర్వాత కళింగం. నెల్లూరు సీమ నుంచి భార్యను వెంటబెట్టుకుని సింహాచలం వచ్చిన వాళ్లలో మేం మొదటివాళ్లం కాదని ఆయనకి చెప్తే, "రాయలికి డీలరు టిక్కెట్లు ఇచ్చుండడు" అన్నాడు.

మధ్యాహ్నం బీచి రోడ్డుకొచ్చాం. ఐ.ఎన్.ఎస్. కుర్సుర అనే జలాంతర్గామిని ఒడ్డు మీదికి లాగి మ్యూజియం చేశారు. 1969లో మన నౌకాదళంలో చేరి, 2001లో పని మానేసి, 2002 నుంచి జనానికి తెరిచారు. 91 మీటర్ల పొడవుంటుంది గానీ లోపల అడుగు తీసి అడుగు వెయ్యాలంటే ఒళ్లు దగ్గర పెట్టుకోవాలి. ఒక గది నుంచి ఇంకో గదికి పోయే గుండ్రటి తలుపులుంటాయి, అందులోంచి ముందు ఒక కాలు, తర్వాత తల, తర్వాత మిగతాది దాటించాలి. నా మోకాళ్లు రెండో తలుపు దగ్గరే మొరాయించాయి. వెనక స్కూలు పిల్లల వరస. "టీచర్, నిదానంగా" అన్నాడు ఒక పిల్లాడు. నేను టీచర్నని వాడికెవరు చెప్పారో ఇప్పటికీ తెలియదు.

లోపల పడకలు చూశాక మా కిటికీ లేని గది మీద గౌరవం పెరిగింది. టార్పెడోల పక్కనే మంచాలు. డెబ్బై మందికి పైగా నావికులు అందులో రోజుల తరబడి నీళ్లకింద ఉండేవాళ్లు. 1971 యుద్ధంలో ఇది కూడా పనిచేసింది. ఆ డిసెంబరులోనే పాకిస్తాను వాళ్ల జలాంతర్గామి ఘాజీ ఈ విశాఖ ముంగిటే మునిగిపోయింది. ఇప్పుడు కుర్సుర కింద పల్లీలు, మురీ మిక్స్చరు అమ్ముతున్నారు. కారం సరిపోయింది గానీ ఉల్లిపాయలు తక్కువ.

అంతటితో తిన్నగా రేవుకి పోయుంటే బాగుండేది. "ఇంకా రెండు గంటలుండాదే, ఫిషింగ్ హార్బరు చూసిపోదాం" అన్నాడాయన. ఓడ దిగి విశాఖ చూడ్డానికొచ్చిన మనిషి చేపల రేవు చూడాలనుకోవడం లోకంలో మా ఇంట్లోనే జరుగుతుంది. 2023 నవంబరులో అక్కడ నిప్పంటుకుని పదుల సంఖ్యలో బోట్లు కాలిపోయినప్పుడు టీవీ ముందు కూర్చుని తన గుంటలు కాలినట్టు బాధపడ్డాడు, ఆ మాట గుర్తొచ్చి సరేనన్నాను. వేట నిషేధం జూన్ మధ్యలో ముగిసింది కాబట్టి రేవు నిండుగా ఉంది. బోట్లు, ఐసు, బుట్టలు, ఆ వాసన. ఆయన ముఖం ఓడలో రెండు రోజులుగా లేనంత వెలిగింది. సముద్రపు టైగరు రొయ్య ధర అడిగాడు. ఒకామె చెప్పింది. ఆయన నమ్మలేదు. పక్కామెని అడిగాడు. ఇద్దరూ కలిసి ఆయన్ని వాయించారు. "కొంటావా, కబుర్లు సెప్తావా బాబూ?" అని. కొనడానికి లేదు, ఓడలోకి తీసుకుపోనివ్వరు. మా ఆవకాయ గతే పడుతుంది. ఆ సంగతి చెప్తే ఆమె, "ఓడలో పోతూ రొయ్యలు బేరమాడ్తారేటి!" అని రేవంతా వినపడేట్టు నవ్వింది.

టైము చూసుకునేటప్పటికి గుండె జారింది. ఆటో ఆయన మమ్మల్ని ఏ సందుల్లోంచి తెచ్చాడో, గేటు దగ్గర దించి, "పరిగెట్టండి, నా డబ్బులు మల్లీ ఇద్దురు" అన్నాడు. మళ్లీ ఎప్పుడిస్తామయ్యా! ఆయన చేతిలో పెట్టి, నా మోకాళ్లతో నేను పరిగెత్తినంత పరిగెత్తాను. మేం ఎక్కాక ఇరవై నిమిషాలకి మెట్లు తీసేశారు.

ఆ రాత్రి నేను మాట్లాడలేదు. ఆయన చీమకుర్తి పిల్లాడిచేత నా గదికి మజ్జిగ పంపించాడు.

నాలుగో రోజు

సముద్రం. నిద్ర. తిండి. పక్క బల్ల తమిళాయన రొయ్యల సాగు మొదలుపెట్టాలనుకుంటున్నాడంట, మా ఆయన వద్దని పొద్దుట నుంచి సాయంత్రం దాకా చెప్పాడు. రాత్రి థియేటర్లో గారడీ చూశాం, బాగుంది.

ఐదో రోజు

పుదుచ్చేరి ఎదురుగా ఓడ లంగరేసింది. ఇంత పెద్ద ఓడ ఒడ్డు దాకా పోలేదు, చిన్న బోట్లలో దించుతారు. కిందికి దిగి చూశాను. ఓడ నిలకడగా ఉంది, బోటు మాత్రం లేస్తోంది, దిగుతోంది. అది పైకొచ్చిన క్షణంలో అడుగెయ్యాలి. సిబ్బంది ఇద్దరు చేతులు పట్టుకుంటామన్నారు. నా మోకాళ్లు ఒప్పుకోలేదు. "మీరు పోయి రండి" అన్నాను. ఆయన ఒకసారి బోటు వంక, ఒకసారి నా వంక చూసి, "ఆ ఊళ్లో నాకేం పనుండాది?" అని నాతోపాటే పైకొచ్చేశాడు.

రేవు కట్టకముందు మద్రాసులోనూ ఇట్టాగే దిగేవాళ్లంట. ఓడలు దూరంగా ఆగితే, మసూలా పడవలొచ్చి అలల మీంచి మనుషుల్నీ సరుకునీ ఒడ్డుకి చేర్చేవి. మేకులు లేకుండా పలకల్ని తాళ్లతో కుట్టిన పడవలు. అల కొడితే పగలకుండా వంగేవి. లక్షణమైన దుస్తులేసుకున్న దొరలు, దొరసానులు తడిసి ముద్దయి దిగేవాళ్లని పాఠం చెప్తూ పిల్లల్ని నవ్వించేదాన్ని. ఆ దొరసానులకి నాకన్నా మోకాళ్లు గట్టివి.

పగలంతా ఓడ దాదాపు ఖాళీ. మేం డెక్కు మీద కుర్చీలేసుకుని కూర్చున్నాం. పుదుచ్చేరి ఒక తెల్లగీత, మధ్యలో పచ్చగీత. అంతసేపు సముద్రం మీంచి ఒక ఊరిని చూస్తూ కూర్చోవాలన్న నా కోరిక తీరింది, కాకపోతే ఊరు మారింది. మోటుపల్లి గురించి చెప్పాను. ప్రకాశం జిల్లాలో ఉండగా నేను పిల్లల్ని అక్కడికి తీసుకుపోయాను, ఇప్పుడది బాపట్ల జిల్లా. 1244లో కాకతీయ గణపతిదేవుడు అక్కడ అభయశాసనం వేయించాడు. గాలివానకి ఓడలు పగిలి ఒడ్డుకి కొట్టుకొస్తే, అంతకుముందు రాజులు సరుకంతా లాగేసుకునేవాళ్లు, ఇకనుంచి సుంకం తప్ప ఏమీ తీసుకోమని విదేశీ వర్తకులకి మాటిచ్చాడు. ఇప్పుడా రేవు లేదు, గుడి ఉంది, ఇసక ఉంది.

"అంటే ఒకప్పుడు ఓడలు మన వంపులోకి వచ్చేవేగదా" అన్నాడు ఆయన. నేను గీసిన విల్లు ఆయనకి గుర్తుంది.

ఆరో రోజు, ఆ మరుసటి రోజు

చెన్నైలో దిగి, రైలెక్కి, రాత్రికి నెల్లూరు. చీమకుర్తి పిల్లాడు ఒంగోలు వచ్చినప్పుడు మా ఇంటికొస్తానన్నాడు. వస్తే చేపల పులుసు, మామిడికాయ ముక్కలేసి. ఇంటికొచ్చి పడుకుంటే మంచం ఊగింది. నాకే కాదు, ఆయనకీ ఊగిందంట.

మర్నాడు సాయంత్రం ఆయన గుంటలకి పోతుంటే నేనూ పోయాను. ఆయన ముందు చెక్ ట్రే ఎత్తి, మేత ఎంత మిగిలిందో చూసి, కుర్రాడిని రెండు తిట్టి, తర్వాత నన్ను మైపాడు ఒడ్డుకి తీసుకుపోయాడు. చీకటి పడేదాకా కూర్చున్నాం. దక్షిణం వైపు కృష్ణపట్నం వెలుగు, అక్కడక్కడ నీళ్ల మీద ఓడల దీపాలు. వల సర్దుకుంటున్న అబ్బాయిని ఆ ఓడలేవని అడిగాను.

"బొగ్గు ఓడలమ్మా, రేవులో చోటు లేకుంటే ఆడ ఆగి ఉంటయి. మీరేంది, నాలుగైదు దినాలు కనపళ్లా?"

"ఓడెక్కి విశాఖపట్నం పోయొచ్చాం."

వాడు వల వదిలేసి నావైపు తిరిగాడు. "రాత్రి బస్సెక్కితే తెల్లారేతలికి దింపుతాడు గదమ్మా?"

"బస్సులో ముప్పై కౌంటు రొయ్య పెట్టరబ్బా" అన్నాడు మా ఆయన.